బీచ్‌లో పాడిన ఫిడేలు ఇంట్లో ఎందుకు మూగబోయింది?

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాటి కాస్త ముందుకెళితే, ముంత కింద పప్పు బళ్ళ పక్కన, సాయంత్రం పూట ఒకాయన తిరుగుతుంటాడు. భుజాన వెదురు పుల్లల బొమ్మ ఫిడేళ్ళ కట్ట వేలాడుతుంటుంది. చేతిలో ఒకటి మాత్రం ఆగకుండా మోగుతుంటుంది. పాత సినిమా పాటల్ని ఒక్క తీగ మీద, అలల హోరులో కూడా వినపడేలా వాయిస్తాడు. మొన్న వేసవిలో మా మేనకోడలు ఆ పాట వెంట పరిగెత్తింది. నూటయాభై అన్నాడు, ఎనభైకి తెగింది. పిల్ల ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా రుద్దే విల్లుని, అదే కమానుని, తీగ మీద పెట్టి లాగింది. చప్పుడు లేదు. మళ్ళీ లాగింది. తలుపు సందులో ఎలుక ఇరుక్కున్నట్టు ఒక్క కీచు. "మావయ్యా, మంచిది తను దాచుకుని పాడైంది మనకి అంటగట్టాడు" అని తీర్పు చెప్పేసింది.

ఈ తీర్పు పాతదే. చిన్నప్పుడు తీర్థంలో ఇలాంటి ఫిడేలు కొనుక్కుని నేనూ ఇదే మాట అన్నాను. మీలో చాలామంది కూడా అనే ఉంటారు. మర్నాడు సాయంత్రం ఆ ఫిడేలు పట్టుకుని బీచ్‌కి వెళ్ళాం. అతను ఏమీ అనలేదు. మేం తెచ్చినదే చేతిలోకి తీసుకున్నాడు, బిరడా కొంచెం తిప్పాడు, ఒక పల్లవి మొత్తం శుభ్రంగా వాయించి తిరిగిచ్చేశాడు. మేనకోడలి మొహం చూడాలి!

అయితే వాయించే ముందు అతను చేసిన ఒక చిన్న పని నా కంటపడింది. తన ఫిడేలు పుల్లకి, చిప్పకి కాస్త పైన, నల్లటి ముద్ద ఒకటి అంటించి ఉంది. మా కమానుని దాని మీద రెండు మూడుసార్లు రుద్దాడు. అడిగేలోపు ఇంకెవరో పిల్లలు చుట్టుముట్టారు, అతను అటు వెళ్ళిపోయాడు. ఎనభై రూపాయల బొమ్మలో లేనిది ఆ ముద్దే అని ఇంటికొచ్చేదాకా నాకు వెలగలేదు.

బొమ్మని ఒకసారి దగ్గరగా చూద్దాం. పిడికిలంత మట్టి చిప్ప. దాని మూతి మీద బిగించి అంటించిన దళసరి కాగితం. చిప్పని అటూ ఇటూ దూసుకుపోయిన మూరెడు వెదురు పుల్ల. పుల్ల కొసన చెక్క బిరడా, దానికి చుట్టిన ఒకే ఒక్క ఉక్కు తీగ. తీగ కాగితానికి తగలకుండా మధ్యలో అగ్గిపుల్ల ముక్కంత వెదురు చీలిక. అదే దీనికి బ్రిడ్జి. కమాను అంటే వంచిన వెదురు బద్ద, ఆ కొస నుంచి ఈ కొసకి బిగించి కట్టిన వెంట్రుకలు. అంతకు మించి ఏమీ లేదు. కానీ రాజస్థాన్ రావణహత్తా నుంచి చైనా ఎర్హూ దాకా, లక్షలు పలికే ఇటలీ వయొలిన్ దాకా, కమానుతో మోగే వాద్యాలన్నిట్లోనూ ఉండే సరంజామా ఇదే: ఒక తీగ, ఒక కప్పు, కప్పుకో మూత, ఒక బ్రిడ్జి, కమాను. ఆ పైన కంటికి కనపడీ కనపడని ఆ జిగురు.

వీణ తీగని మీటినప్పుడు వేలితో పక్కకి లాగి వదిలేస్తాం. ఆ లాగడంలో ఇచ్చిన శక్తి ఎంతో అంతే, అక్కణ్ణించి ఖర్చే తప్ప రాబడి లేదు. కొంత శబ్దంగా గాలిలోకి, కొంత వేడిగా చెక్కలోకి పోయి కొన్ని సెకన్లలో తీగ సద్దుమణుగుతుంది. గొంతు అలా కాదు. ఊపిరి ఉన్నంతసేపూ రాగం తీయొచ్చు. తీగ చేత కూడా అలా పాడించాలంటే ఖర్చయిన శక్తిని ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. కమాను చేసేది ఆ పనే.

కానీ చిక్కు ఒకటుంది. కమాను ఒకే దిక్కుగా పోతోంది, తీగ మాత్రం అటూ ఇటూ ఊగాలి. ఒకవైపే లాగుతూపోయే బలం నుంచి ఊగిసలాట ఎలా పుడుతుంది?

గచ్చు మీద బీరువా జరిపినవాళ్ళకి దీని జవాబు సగం తెలుసు. మొదట ఎంత తోసినా కదలదు. కదిలిందా, ఒక్కసారిగా జానెడు జారుతుంది. మళ్ళీ ఆగుతుంది. ఆగి ఉన్న వస్తువుని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని కదుపుతూ ఉండడానికి అక్కర్లేదు. తీగ విషయంలోనూ అంతే. కమాను వెంట్రుకలు తీగని అంటిపెట్టుకుని తమతో పాటు పక్కకి లాక్కుపోతాయి. తీగ సాగి బిగుస్తుంది. ఒక దశలో పట్టు చాలక తీగ చటుక్కున జారి వెనక్కి పోతుంది. వెనక్కి పోయినది నెమ్మదించగానే వెంట్రుకలు మళ్ళీ పట్టుకుంటాయి. పట్టు, జారు, పట్టు, జారు. సెకనుకి 440 సార్లు ఊగే స్వరమైతే ఈ తంతు సెకనులో 440 సార్లు జరుగుతుంది. చెవికి మాత్రం అది ఒకే ధారలా వినిపిస్తుంది.

మనం విసుక్కునే చప్పుళ్ళు చాలావాటికి తల్లి ఇదే. సుద్దముక్క బోర్డు మీద కీచుమనడం, తలుపు బందులు కిర్రుమనడం, అరకు వెళ్ళే రైలు ఘాట్ వంపుల్లో తిరిగేటప్పుడు చక్రాలు చెవులు చిల్లులు పడేలా అరవడం, అన్నీ పట్టు-జారు సంసారాలే. కొన్ని భూకంపాలు కూడా ఇలా భూమి పొరలు పట్టుకుని పట్టుకుని జారడం వల్లే వస్తాయని 1966లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు, ఆ ఆలోచన నిలబడింది. ఫిడేలు గొప్పతనం ఏమిటంటే ఈ అరుపుని లొంగదీసుకుని శ్రుతిలో పెట్టడం.

ఇక ఆ నల్ల ముద్ద. ఉత్త గుర్రపు వెంట్రుక నున్నగా ఉంటుంది. దాని మీద సన్నని పొలుసులుంటాయి, అవే రంపంలా తీగని పట్టుకుంటాయి అని చాలామంది చెబుతారు, నేనూ స్కూల్లో అలాగే విన్నాను. నిజానికి కొత్తగా వెంట్రుకలు కట్టిన కమానుతో ఎంత ఖరీదైన వయొలిన్‌ని రుద్దినా దాదాపు మూగదే. పట్టు ఇచ్చేది జిగురు. వయొలిన్ వాళ్ళు దాన్ని రోజిన్ అంటారు. పైన్ చెట్టు జిగురుని కాచి, టర్పెంటైన్ ఆవిరి చేసేశాక మిగిలే గాజులాంటి ముద్ద అది. మన దేశంలో పల్లె వాద్యగాళ్ళు దొరికిన గుగ్గిలంతో పని కానిచ్చేస్తారు. సాంబ్రాణితో పాటు నిప్పుల మీద వేసే ఆ గుగ్గిలమే.

రోజిన్‌కి ఒక చక్కని గుణముంది. చల్లగా ఉంటే గట్టిగా పట్టుకుంటుంది, కాస్త వేడి తగిలితే మెత్తబడుతుంది. తీగ జారేటప్పుడు రాపిడికి వేడి పుడుతుంది, ఆ పల్చటి పొర మెత్తబడి జారుడు ఇంకా సులువవుతుంది. జారడం ఆగగానే చల్లారి మళ్ళీ బిగుస్తుంది. సెకనుకి వందలసార్లు కరిగీ కరగనట్టు, గట్టిపడీ పడనట్టు నడిచే ఈ వ్యవహారమంతా వెంట్రుక కన్నా పల్చటి పొరలో జరుగుతుంది.

మా వీధిలో వయొలిన్ నేర్పే మేడమ్‌గారిని అడిగి విరిగిన రోజిన్ ముక్క ఒకటి తెచ్చాను. కమానుకి పట్టించి లాగితే మొదటిసారి బొమ్మ గొంతు విప్పింది. గంటసేపు సాధన అయ్యాక పక్కింటి పిన్నిగారు గుమ్మంలోకొచ్చి "మీ తలుపుకి కాస్త నూనె పెట్టకూడదా బాబూ" అన్నారు. తెలియకుండానే ఆవిడ సరైన శాస్త్రం చెప్పారు. తలుపు బందుకి నూనె పెడితే పట్టు పోయి జారు మాత్రమే మిగులుతుంది, చప్పుడు ఆగుతుంది. కమానుకి ఆ పని చేశామా, ఫిడేలు ఇక జన్మలో పలకదు.

ఇంతకీ చప్పుడైతే వచ్చింది గానీ పాట రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే విశాఖపట్నంలోనే పెరిగిన ఒక కుర్రాడి దగ్గరికి వెళ్ళాలి.

1892లో చంద్రశేఖర అయ్యర్ అనే అధ్యాపకుడు ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుటుంబంతో సహా వచ్చారు. చెప్పేది లెక్కలు, ఫిజిక్సు. ఇంట్లో వయొలిన్ వాయించేవారు. ఆయన కొడుకు ఇక్కడే సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్ళకే మెట్రిక్, 13 ఏళ్ళకి ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పూర్తి చేసి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు సి.వి. రామన్. కాంతి మీద చేసిన పనికి 1930లో నోబెల్ వచ్చింది కాబట్టి రామన్ అంటే మనకి కాంతే గుర్తొస్తుంది. అంతకు ముందు చాలా ఏళ్ళు ఆయన మనసు వాద్యాల మీద కూడా ఉంది. 1909లో ఏక్‌తారా మీద చిన్న వ్యాసం రాశారు. బిచ్చగాళ్ళ చేతిలో కనపడే ఒంటితీగ వాద్యం మీద! 1916లో వయొలిన్‌లో, దాని పెద్దన్న లాంటి చెల్లోలో ఏదో ఒక స్వరం దగ్గర నిలకడ లేకుండా వణికే ‘తోడేలు స్వరం’ మీద, 1918లో కమానుతో మోగే తీగల మీద ఒక పెద్ద సిద్ధాంత గ్రంథమే ప్రకటించారు. ఆ తరువాత వీణ, తంబురా, మృదంగం. ఇంట్లో నాన్న ఫిడేలు వినడానికీ, కొడుకు తరువాత ఫిడేలుని లెక్కలు కట్టడానికీ మధ్య సంబంధం ఉందని నేను రుజువు చేయలేను గానీ, లేదంటే మాత్రం నమ్మను.

తీగ ఎలా ఊగుతుందో మొదట కనిపెట్టింది జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్స్ అనే శాస్త్రవేత్త. ఊగే తీగని కంటితో చూస్తే రెండు వైపులా ఉబ్బిన కదురులాంటి మసక ఆకారం కనపడుతుంది కదా. ఆయన తీగకి ఒక గంజిపొడి రేణువు అంటించి, కంపించే సూక్ష్మదర్శినిలోంచి ఆ రేణువు దారిని గమనించాడు. 1863లో ప్రచురించిన పుస్తకంలో వివరించాడు. తేలింది ఏమిటంటే తీగ ఏ క్షణంలోనూ విల్లులా వంగి ఉండదు. రెండు తిన్నని గీతలు, మధ్యలో ఒక మూల. దండెం మీద ఒక్కచోట గుడ్డ ఆరేస్తే తాడు ఎలా విరిగినట్టు కనపడుతుందో అలా. ఆ మూల తీగ వెంట ఈ కొస నుంచి ఆ కొసకీ, మళ్ళీ వెనక్కీ పరిగెడుతూ ఉంటుంది. మన కంటికి కనపడే ఉబ్బు, ఆ మూల పరిగెత్తిన దారి. మూల కమానుని దాటి బ్రిడ్జి వైపు వెళ్ళగానే తీగ జారుతుంది. బ్రిడ్జిని తాకి తిరిగి కమాను దగ్గరికి రాగానే మళ్ళీ పట్టు చిక్కుతుంది. అంటే ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో కమానుకి చెప్పేది వాయించేవాడు కాదు, తీగే. తీగ పొడవులో పదో వంతు దూరంలో కమాను పెడితే ఒక్కో ఊపులో తొమ్మిది పాళ్ళు పట్టు, ఒక పాలు జారు.

రామన్ దీన్ని ముందుకు తీసుకెళ్ళారు. ఒక మూలే కాదు, రెండు మూడు మూలలు పరిగెత్తే ఊపులు కూడా ఉంటాయని, ఏది ఎప్పుడు వస్తుందో లెక్కగట్టారు. లెక్క సరిపోయిందో లేదో చూడాలి కదా. మనిషి చెయ్యి ఒకసారి లాగినట్టు మరోసారి లాగదు. అందుకని కలకత్తాలో, పగలు ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన వేళల్లో ప్రయోగాలు మొదలుపెట్టిన ఆ ప్రయోగశాలలోనే, వయొలిన్ వాయించే యంత్రం ఒకటి కట్టారు. దాంట్లో ఒక తమాషా ఉంది. కమాను కదలదు. వయొలిన్‌నే బండి మీద ఎక్కించి కమాను కింద అటూ ఇటూ నడిపించారు. కమాను బ్రిడ్జికి ఎంత దగ్గరగా ఉంటే ఎంత నొక్కాలి, ఎంత వేగంగా లాగితే ఎంత నొక్కాలి అన్నది కొలిచి 1920లో ప్రచురించారు.

మా మేనకోడలి కష్టం ఆ కొలతల్లో ఉంది. కమానుని ఒక హద్దు కన్నా తక్కువ నొక్కితే తీగ సమయం కాకముందే జారిపోయి ఈల లాంటి బోలు శబ్దం వస్తుంది. ఎక్కువ నొక్కితే మూల వచ్చి తట్టినా పట్టు వదలదు, గరగరమంటుంది. ఈ రెండు హద్దుల మధ్యే పాట ఉంది. కమాను బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ ఆ మధ్య సందు ఇరుకైపోతుంది. పిల్ల కమానుని ఒకసారి కాగితం మీదికి, ఒకసారి పుల్ల మధ్యకి పోనిస్తోంది. బీచ్ ఆయన కమాను మాత్రం వేలెడు మేర దాటి పక్కకి పోదు. అతనికి రామన్ తెలియక్కర్లేదు, అతని మణికట్టుకి ఆ గ్రాఫు తెలుసు.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. రామన్ పుట్టినరోజు నవంబర్ 7. ఆ మర్నాడు, నవంబర్ 8, ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది. రామన్ 1888లో, నాయుడుగారు 1893లో పుట్టారు. ఒకరు తిరుచిరాపల్లిలో, ఒకరు బెంగళూరులో. పెరిగింది ఇద్దరూ విశాఖపట్నంలోనే. కంటిచూపు సరిగా లేని పిల్లవాడు అన్నగారి దగ్గర వయొలిన్ మొదలుపెట్టి, 1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల పెట్టినప్పుడు 26 ఏళ్ళకే అక్కడ వయొలిన్ ఆచార్యుడయ్యాడు. విద్యార్థిగా చేరదామని వెళితే పంతులుగా వేసుకున్నారని చెప్పుకుంటారు. జనం ‘ఫిడేలు నాయుడుగారు’ అనే పిలుచుకునేవారు. ఒకే ఊళ్ళో కొన్నేళ్ళ తేడాతో పెరిగిన ఇద్దరిలో ఒకాయన కమానుని మణికట్టుతో, ఒకాయన కలంతో లొంగదీశారు. వాళ్ళిద్దరూ చిన్నతనంలో ఎప్పుడైనా ఎదురుపడ్డారా? ఊహించుకోవడం వరకే మన వంతు.

సరే, కమాను ఎక్కడ పుట్టింది? బీచ్ ఆయన్ని అడిగితే "రావణ్‌ది సార్" అన్నాడు, చాలా ధీమాగా. కథ మనకీ తెలిసిందే. కైలాసాన్ని ఎత్తబోయి కొండ కింద నలిగిన రావణుడు, తల కోసి బుర్రగా, చెయ్యి కోసి దండిగా, నరాలు పీకి తీగలుగా వీణ కట్టి శివుణ్ణి మెప్పించాడు. రావణహస్తం రావణహత్తా అయింది. రాజస్థాన్‌లో భోపాలు అనే గాయకులు పాబూజీ అనే వీరుడి కథని పొడవాటి బొమ్మల తెర ముందు రాత్రంతా చెబుతారు. వాళ్ళ చేతిలో ఉండేది ఈ రావణహత్తానే. కొబ్బరి చిప్పకి మేకతోలు, వెదురు దండి, ప్రధానంగా రెండు తీగలు: ఒకటి ఉక్కుది, ఒకటి గుర్రపు వెంట్రుకలది. పక్కన వరసగా మరికొన్ని సన్నని ఉక్కు తీగలుంటాయి. వాటిని ఎవరూ తాకరు, అసలు తీగ పలికే స్వరం తమ శ్రుతితో కలిసినప్పుడు అవే గుయ్‌మంటాయి. కమానుకి గజ్జెలు కడతారు, కమానే తాళం వేస్తుంది.

రావణుడి కథని నిజంగా చరిత్రలోకి ఎక్కించినవాళ్ళు మనవాళ్ళు కాదు, యూరప్‌వాళ్ళు. పియర్ సోనెరా అనే ఫ్రెంచి యాత్రికుడు 1782లో అచ్చయిన పుస్తకంలో ఈ వాద్యాన్ని ప్రస్తావించాడు. 19వ శతాబ్దం మధ్యలో ఫెతిస్ అనే బెల్జియం సంగీత పండితుడు, ఇది ఏడువేల ఏళ్ళ నాటిదని, వయొలిన్‌కి ముత్తాత అని రాసేశాడు. ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగే ‘వయొలిన్ మన రావణుడిదే’ మెసేజ్‌కి మూలం అక్కడుంది. నాకూ నచ్చే కథే, కానీ నిలబడదు. అమరావతి శిల్పాల్లో వీణలున్నాయి, వేళ్ళతో మీటే విల్లు వీణలు. వాటిని రుద్దే కమాను లేదు.

ఆధారాలు చెప్పేది వేరు. 10వ శతాబ్దంలో మధ్య ఆసియా, అరబ్బు ప్రాంతాల రాతల్లో, బొమ్మల్లో కమాను స్పష్టంగా కనపడడం మొదలవుతుంది. గుర్రాల మీద బతికే జాతుల చేతిలో విల్లు, గుర్రపు తోక వెంట్రుక రెండూ ఎప్పుడూ ఉండేవే కాబట్టి అక్కడే పుట్టి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. చైనాలో 12వ శతాబ్దం తొలినాళ్ళ సంగీత గ్రంథం ఒకటి, రెండు తీగల మధ్య వెదురు బద్ద పెట్టి రుద్దే వాద్యం గురించి చెబుతుంది. అంటే వెంట్రుక లేకపోయినా రుద్దాలన్న ఆలోచన ఉందన్నమాట. మన దేశంలో 13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో పినాకీ వీణ ఉంది. విల్లు ఆకారంలో ఉండే వాద్యం. గుర్రపు వెంట్రుకలు కట్టిన కమానుకి జిగురు రాసి దాన్ని వాయించాలని అందులో ఉంది. చూశారా, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే జిగురు సంగతి మర్చిపోకుండా రాశాడు. ఆ గ్రంథానికి వ్యాఖ్య రాసినవాళ్ళలో రాచకొండ ఏలిన మన సింగభూపాలుడు ఒకడు.

అలా బయల్దేరిన కమాను వెళ్ళిన ప్రతిచోటా అక్కడి చెట్టుకీ, జంతువుకీ, కథకీ ఒదిగిపోయింది. మంగోలులు దండి మీద గుర్రం తల చెక్కి, తీగల్ని కూడా గుర్రపు వెంట్రుకలతోనే పేనారు. చైనావాళ్ళు కొండచిలువ తోలు బిగించారు. వాళ్ళ ఎర్హూలో కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్య ఇరుక్కునే ఉంటాయి, కమానుని విడదీయడమే కుదరదు. సహారా ఎడారిలో తువారెగ్‌ల ఒంటితీగ ఇమ్‌జాద్‌ని ఆడవాళ్ళు మాత్రమే వాయిస్తారు. కేరళలో పుళ్ళువులు సర్పపూజల్లో చిన్న కమాను వీణ వాయిస్తారు. మన పొరుగున ఒడిశాలో నాథ జోగులు కెందెర పట్టుకుని ఊరూరా పాడతారు. ఆదిలాబాద్ వైపు గోండుల వంశగాథలు పాడే ప్రధాన్‌ల, తోటీల కిక్రి మూడు తీగలది. 1940ల్లో మర్లవాయిలో ఉండి గోండుల మీద పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త వీళ్ళ గురించి వివరంగా రాశాడు.

వీటన్నిట్లో నన్ను కదిలించేది తూర్పు భారతంలోని సంతాల్ గిరిజనుల బానం. ఒకే దుంగని తొలిచి, మనిషి ఆకారంలో చెక్కుతారు. తల, మెడ, రొమ్ము, పొట్ట. పొట్టకి తోలు. దాని వెనక కథ మన పేదరాశి పెద్దమ్మ కథల్లాగే ఉంటుంది. ఏడుగురు అన్నదమ్ములు చెల్లెల్ని చంపి పాతిపెడితే అక్కడ చెట్టు మొలిచింది. ఒక జోగి ఆ చెట్టు కొమ్మ నరికి వాద్యం చేసుకుంటే అది చెల్లెలి గొంతుతో పాడింది. తోలు మూత ఉన్న కమాను వాద్యం ఒకసారి దగ్గర్నుంచి వింటే ఆ కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. చెక్క కన్నా తోలు తేలిక. తీగ కదలికకి వెంటనే స్పందిస్తుంది, కొన్ని శ్రుతుల్ని పెంచి కొన్నిటిని మింగేస్తుంది. అందుకే ఆ శబ్దంలో ముక్కుతో పాడే మనిషి గొంతు, కాస్త ఏడుపు జీర వినిపిస్తాయి. పైగా వీటిలో చాలావాటికి వేలి కింద చెక్క పలక ఉండదు. వేలు తీగని గాల్లోనే నొక్కుతుంది. కొంచెం గట్టిగా నొక్కితే తీగ బిగిసి శ్రుతి పైకి జారుతుంది. స్వరం నుంచి స్వరానికి మెట్లు లేని దారి అది.

ఇంత ఊరేగిన కమాను మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎందుకు పెద్దగా కాపురం పెట్టలేదా అని ఆలోచించాను. ఇక్కడ జముకుల కథ ఉంది. ఆ జముకులోనూ తీగే, తోలుకి కట్టిన తీగని ఒక చేత్తో బిగిస్తూ వదులుతూ మీటితే శ్రుతి ఎగిరి దూకుతుంది. కిన్నెర ఉంది, తంబురా ఉంది, అన్నీ మీటేవే. నాకు తోచింది చెబుతాను: మన కథకులకి పాట గొంతులోనే ఉంది, వాద్యం నుంచి కావలసింది శ్రుతీ తాళం. గొంతుని అడుగడుగునా అనుసరించే తోడు కావాలనిపించింది కచేరీ సంగీతానికి. ఆ ఖాళీలోకి వయొలిన్ వచ్చి కూర్చుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి (1786-1859) మద్రాసులో యూరోపియన్ వాద్యం నేర్చి మన రాగాల్ని దాని మీద పలికించాడు. 1834లో తిరువాన్కూరు ఏలిన స్వాతి తిరునాళ్ మహారాజు తన ఆస్థాన విద్వాంసుడు వడివేలుకి దంతపు వయొలిన్ బహుమతిచ్చాడు. వందేళ్ళు తిరిగేసరికి అది పరాయిదని ఎవరికీ గుర్తులేదు. కూర్చుని, కిందికి వంచి పట్టుకుని, వేలిని తీగ మీద జార్చే మన పద్ధతిలో వాయిస్తుంటే, మెట్లు లేని ఆ పాత దారే మళ్ళీ వినపడుతుంది.

జూలైలో బొమ్మ మళ్ళీ పడకేసింది. రోజిన్ పట్టించినా గొంతు పూడుకుపోయినట్టే ఉంది. ఈసారి తప్పు సముద్రానిది. విశాఖ గాలిలో తేమ గురించి కొత్తగా చెప్పేదేముంది, ఉప్పు డబ్బా మూత తీస్తే తెలుస్తుంది. కాగితం తేమ పీల్చి వదులైంది. వదులైన మూత బ్రిడ్జి బరువుకి కుంగింది, తీగ కుంగింది, శ్రుతి దిగిపోయింది. కమాను వెంట్రుకలు కూడా సాగాయి. వెంట్రుక తేమకి సాగుతుందన్నది ఎంత నమ్మకమైన విషయమంటే, 1783లో సోస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతోనే గాలిలో తేమని కొలిచే పరికరం గురించి రాశాడు. అలాంటివి ఆ తరువాత చాలాకాలం వాడారు. పొడి గాలి నుంచి తడి గాలికి వస్తే వందకి రెండు పాళ్ళ దాకా సాగుతుంది. వయొలిన్ కమానుకి బిగించుకోవడానికి మర ఉంటుంది. వెదురు బద్దకి ఏముంటుంది?

వాన తెరిపిచ్చిన సాయంత్రం మళ్ళీ బీచ్‌కి వెళ్ళాం. అతను మా ఫిడేలు కాగితాన్ని వేలితో ఓసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఎండలో పెట్టండి సార్, లేకపోతే పొయ్యి దగ్గర, దూరంగా" అన్నాడు. మేనకోడలు ఇంకోటి కావాలంది. ఈసారి బేరం ఆడకుండా నూటయాభై ఇచ్చి, ఆ నల్ల ముద్దలోంచి కొంచెం గిల్లి ఇమ్మన్నాను. అతను నవ్వి, గోటితో చిన్న ముక్క విరిచి, కొత్త ఫిడేలు పుల్లకి అగ్గిపుల్ల సెగ చూపి అంటించి ఇచ్చాడు. దానికి వేరే పది రూపాయలు తీసుకున్నాడు.